తెగిందా, తగిలిందా: మోడల్ రైల్వే పాయింట్లలో కరెంటు తప్పు పట్టుకునే పద్ధతి

మోడల్ రైల్వేలో తిన్నగా పోయే పట్టా ఎప్పుడో గానీ పేచీ పెట్టదు. ఎడమ పట్టాకి ఎరుపు వైరు, కుడి పట్టాకి నలుపు వైరు, అంతటితో సరి. పేచీ అంతా పాయింట్ల (ఒక లైను రెండుగా చీలే చోట్ల) దగ్గరే. అక్కడ ఒక దారి తాలూకు ఎడమ పట్టా, ఇంకో దారి తాలూకు కుడి పట్టా కోసుకుంటూ పోవాలి. అవి కలిసే చోట ఉండే వి ఆకారపు ముక్కే ఫ్రాగ్. అది ఒకసారి ఎరుపు (ఎడమ పట్టా కరెంటు) కావాలి, ఇంకోసారి నలుపు (కుడి పట్టా కరెంటు) కావాలి. పాయింట్ల మీద వచ్చే కరెంటు తప్పులు చాలావరకు ఈ ఒక్క ముక్క చుట్టూనే తిరుగుతాయి.

ఇక్కడ చెప్పేది హెచ్‌ఓ, ఓఓ సైజుల గురించి (రెండింటికీ పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ.), పీకో కంపెనీ పాయింట్లని దృష్టిలో పెట్టుకుని. ఎన్ స్కేల్‌కీ సూత్రం అదే, కొలతలే తేడా.

ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఎక్కడో తెగిందా, ఎక్కడో తగిలిందా? ఇది తేల్చుకోకుండా స్క్రూడ్రైవర్ పట్టుకుంటే బాగున్నదాన్ని కూడా పాడుచేసుకుంటాం. డీసీసీ (పట్టాల గుండా ఒక్కో ఇంజన్‌కి విడిగా డిజిటల్ ఆజ్ఞలు పంపే పద్ధతి) లేఅవుట్‌లో తేల్చడం తేలిక. ఒక ఇంజన్ పాయింట్ ఎక్కగానే బూస్టర్ (పట్టాలకి కరెంటు ఇచ్చే పెట్టె) ట్రిప్ అయి, అంటే కరెంటు ఆపేసి, మిగతా ఇంజన్లు కూడా ఆగిపోతే తగిలినట్టు, అంటే షార్ట్. ఆ ఒక్క ఇంజనే ఆగి, దాని లైటు ఆరిపోయి, పక్క లైను మీద రైలు మామూలుగా తిరుగుతుంటే తెగినట్టు. ఇంజన్ ఆగదు గానీ ఒక్క క్షణం కుదుపు ఇచ్చి, సౌండ్ డీకోడర్ (ఇంజన్ లోపల ఆజ్ఞలు అందుకుని శబ్దాలు చేసే బోర్డు) మళ్లీ మొదటి నుంచి స్టార్ట్ అవుతుందంటే రెండింట్లో ఏదైనా కావచ్చు. అప్పుడు గదిలో లైట్లు ఆర్పి, ఇంజన్‌ని చాలా నెమ్మదిగా నడిపి చక్రాల దగ్గర చూడండి. నిప్పురవ్వ ఎక్కడ కనిపిస్తే తప్పు అక్కడ ఉంది.

మామూలు డీసీ కంట్రోలర్లతో ఒక చిక్కుంది. చవక కంట్రోలర్లలో కటౌట్ (షార్ట్ అయితే కరెంటు ఆపే స్విచ్) వేడెక్కితే గానీ పనిచేయదు. చక్రం అర సెకను షార్ట్ చేసినా అది పట్టించుకోదు, ఇంజన్ కాస్త తడబడి దాటేస్తుంది. అదే లేఅవుట్‌ని డీసీసీకి మార్చగానే బూస్టర్ ఆ షార్ట్‌ని మిల్లీసెకన్లలో పట్టేసి కరెంటు ఆపేస్తుంది. "డీసీలో బాగానే నడిచింది, డీసీసీ పెట్టాకే చెడింది" అనే ఫిర్యాదులు చాలావాటికి మూలం ఇదే. తప్పు ముందు నుంచీ ఉంది, ఇప్పుడు బయటపడింది, అంతే.

ఏ పాయింట్ ఏం చేస్తుంది

పాయింట్‌ని ముక్కు వైపు నుంచి, అంటే ఒకే లైను ఉన్న వైపు నుంచి చూడండి. కుడికి చీలే పాయింట్ అనుకుందాం. తిన్నటి దారికి వేసినప్పుడు ఫ్రాగ్ మీద నడిచేది కుడి చక్రం, కాబట్టి ఫ్రాగ్ నలుపు కావాలి. పక్క దారికి వేసినప్పుడు దాని మీద నడిచేది ఎడమ చక్రం, కాబట్టి ఎరుపు కావాలి. ఈ రెండు వాక్యాలు ఒక కాగితం మీద బొమ్మ గీసి పక్కన రాసి పెట్టుకుంటే, తర్వాత వచ్చే తలనొప్పి సగం తగ్గుతుంది.

పీకోలో మూడు రకాలు. ఇన్సల్‌ఫ్రాగ్‌లో ఫ్రాగ్ కొన ప్లాస్టిక్. ఎలక్ట్రోఫ్రాగ్‌లో మొత్తం లోహమే, దానికి కరెంటు టంగ్ రైలు (పాయింట్ మార్చినప్పుడు కదిలే పట్టా) వెళ్లి స్టాక్ రైలుకి (కదలకుండా ఉండే బయటి పట్టాకి) ఆనుకోవడం వల్లే అందుతుంది. యూనిఫ్రాగ్‌లో కొన చిన్న లోహపు ముక్క, దేనికీ కలపకుండా విడిగా ఉంటుంది, అడుగున ఒక వైరు ఉంటుంది. కావాలంటే ఆ వైరుకి కరెంటు ఇవ్వచ్చు, లేదా వదిలేయచ్చు. ఇన్సల్‌ఫ్రాగ్, ఎలక్ట్రోఫ్రాగ్ రెండింట్లోనూ పాయింట్ ఏ దారికి వేసి ఉందో ఆ దారిలోనే కరెంటు ఉంటుంది. వేయని సైడింగ్‌లో ఇంజన్ కదలకపోతే అది తప్పు కాదు, వాటి తీరే అంత. యూనిఫ్రాగ్‌లో రెండు దారులూ ఎప్పుడూ లైవ్‌గానే ఉంటాయి.

తగిలిన తప్పులు

పట్టాల మీద నుంచి ఇంజన్లు, లైటు ఉన్న పెట్టెలు, లోహపు చక్రాల వ్యాగన్లు, అన్నీ తీసేయండి. ఇప్పుడు కరెంటు ఆన్ చేసి పాయింట్‌ని అటూ ఇటూ మార్చి చూడండి. ఖాళీ పట్టా మీదే, రెండు దారుల్లోనూ షార్ట్ ఉంటే అది పాయింట్ నేరం కాకపోవచ్చు. ఎక్కడో ఫీడర్ వైర్లు (పట్టాలకి కరెంటు తెచ్చే వైర్లు) తారుమారై ఉంటాయి, లేదా లేఅవుట్‌లో రివర్స్ లూప్ (రైలు తిరిగి అదే లైను మీదికి ఎదురు దిశలో వచ్చే చుట్టు), త్రికోణం లాంటిది ఉండి తిరిగొచ్చిన ఎరుపు నలుపుకి తగులుతోంది. వేలితో ట్రాక్ ప్లాన్ మీద ఎడమ పట్టా వెంట వెళ్లండి. అదే పట్టా కుడి పట్టాగా తిరిగొస్తే అక్కడ గ్యాప్‌లు, ఆటో రివర్సర్ (ఎరుపు, నలుపులని తనంతట తనే మార్చే పరికరం) కావాలి.

ఖాళీ పట్టా మీద ఒక్క దారికి వేసినప్పుడే షార్ట్ వస్తోందా? ఎలక్ట్రోఫ్రాగ్ అయితే కారణం దాదాపు ఖాయం. ఫ్రాగ్ నుంచి బయటికి పోయే రెండు లోపలి పట్టాలకి ప్లాస్టిక్ జాయినర్ (రెండు పట్టాల చివర్లని కలిపే ముక్క) బదులు లోహపు జాయినర్ పెట్టేసి ఉంటారు. ఫ్రాగ్ రంగు మారినప్పుడు ఆ పట్టాల్లోకి అవతలి ఫీడర్ నుంచి వచ్చే రంగుతో ఢీకొంటుంది. రెండు పాయింట్లు ఒకదానికొకటి ఎదురుగా పెట్టే క్రాసోవర్లలో ఇది మరీ ఎక్కువ. మందు ఒకటే: ఫ్రాగ్ నుంచి వచ్చే రెండు పట్టాలకీ ఇన్సులేటెడ్ జాయినర్లు, వాటి అవతల విడిగా ఫీడర్లు. పట్టా అప్పటికే అతికించేసి బ్యాలస్ట్ (కంకర) పోసి ఉంటే, పీకి వేయాల్సిన పనిలేదు. సన్న కటింగ్ డిస్క్‌తో ఫ్రాగ్ తర్వాత 3-4 సెం.మీ. దూరంలో కోసి, ఆ సందులో ప్లాస్టిక్ ముక్క ఇరికించి సూపర్‌గ్లూ వేసి, పట్టా ఆకారానికి చెక్కండి. ఖాళీ సందు వదిలేస్తే ఎండాకాలంలో పట్టాలు జరిగి సందు మూసుకుపోతుంది. మేడ మీద గదిలో లేఅవుట్ ఉన్నవాళ్లకి ఈ తప్పు మార్చి నుంచి జూన్ దాకానే కనిపించి, వానలు పడగానే మాయమవుతుంది. మాయమైంది కదా అని వదిలేస్తే వచ్చే ఏడు మళ్లీ హాజరు.

ఖాళీగా ఉంటే ఏమీ లేదు, రైలు వస్తేనే ట్రిప్ అవుతోందంటే, ఇంజన్ ఎక్కడ ఉండగా అవుతోందో చూడాలి.

టంగ్ రైలు దగ్గర అయితే చక్రం వీపు తగులుతోంది. ఎలక్ట్రోఫ్రాగ్‌లో రెండు టంగ్ రైళ్లూ ఫ్రాగ్‌తో పాటు ఒకే రంగులో ఉంటాయి. తెరుచుకున్న టంగ్ రైలు, దాని పక్కనున్న స్టాక్ రైలు వేర్వేరు రంగులు. చక్రం తొక్కే భాగం స్టాక్ రైలు మీద ఉండగా దాని వీపు ఆ టంగ్‌కి రాసుకుంటే షార్టే. డిజిటల్ కాలిపర్‌తో ఇరుసు మీద రెండు చక్రాల వీపుల మధ్య దూరం కొలవండి. హెచ్‌ఓ, ఓఓ చక్రాలకి అది 14.4 నుంచి 14.5 మి.మీ. మధ్య ఉండాలి. 14.1, 14.2 కనిపిస్తే చక్రాన్ని కొద్దిగా తిప్పుతూ బయటికి లాగండి. ఒకే ఒక్క పెట్టె వచ్చినప్పుడే ట్రిప్ అయితే పాయింట్‌ని ముట్టుకోకండి, ఆ పెట్టె చక్రాలు కొలవండి.

ఫ్రాగ్ కొన దగ్గర అయితే, ఇన్సల్‌ఫ్రాగ్‌లో చక్రం వెడల్పు వల్ల. ప్లాస్టిక్ కొన దాటగానే రెండు పట్టాలు చాలా దగ్గరగా మొదలవుతాయి. కాస్త వెడల్పు చక్రం ఒకేసారి రెండింటినీ తొక్కేస్తుంది. రంగులేని నెయిల్ పాలిష్ ఆ రెండు పట్టాల తలల మీద, కొన నుంచి 6-8 మి.మీ. పొడవున రెండు పూతలు పూస్తే ఆగుతుంది. అది అరిగిపోయే మందు అని గుర్తుంచుకోండి. బాగా తిరిగే పాయింట్ మీద కొన్ని నెలలకే మళ్లీ పూయాలి.

లోహపు ఫ్రాగ్‌కి స్విచ్ ద్వారా విడిగా కరెంటు ఇచ్చి ఉంటే, ఇంజన్ ఫ్రాగ్ తాకగానే రెండు దారుల్లోనూ ట్రిప్ అవుతోందా? ఫ్రాగ్ స్విచ్‌కి వెళ్లే ఎరుపు, నలుపు తారుమారయ్యాయి. రెండూ మార్చి పెట్టండి, అయిపోయింది. ఒక్క దారిలోనే అవుతోందంటే స్విచ్ తిరగడం లేదు. పాయింట్ మోటారు పూర్తిగా జరగకముందే ఆగిపోతోంది, లేదా మైక్రోస్విచ్ మీట దాకా రాడ్డు అందడం లేదు. మీటర్ బీప్ మోడ్‌లో పెట్టి, ఫ్రాగ్ మీద ఒక ముల్లు (ప్రోబ్), ఎరుపు పట్టా మీద ఒక ముల్లు ఆనించి పాయింట్ మార్చండి. తర్వాత నలుపు పట్టా మీద అదే పరీక్ష. ఒక వైపు బీప్ వస్తే ఇంకో వైపు రాకూడదు. ఈ పరీక్ష చేసేటప్పుడు కరెంటు ఆఫ్‌లో ఉండాలి, పట్టాల మీద ఇంజన్ ఉండకూడదు. ఇంజన్ మోటారు గుండా కూడా మీటర్ కూసి తప్పుదారి పట్టిస్తుంది.

తెగిన తప్పులు

ఎక్కువ మందిని మోసం చేసేది ఇదే. ఇంజన్ ఆగిన చోట మీటర్ పెడితే 14 వోల్టులు నిండుగా చూపిస్తుంది. "కరెంటు ఉంది కదా, ఇంజన్‌లోనే తప్పు" అనుకుని ఇంజన్ విప్పడం మొదలుపెడతారు. మీటర్ తాగే కరెంటు సున్నా కింద లెక్క. చిలుము పట్టిన జాయింట్ గుండా కూడా అంత కొంచెం కరెంటు దూరిపోతుంది, వోల్టేజీ నిండుగా కనిపిస్తుంది. ఇంజన్ లాగే అర ఆంపియర్, ఆంపియర్ అడిగినప్పుడే జాయింట్ బండారం బయటపడుతుంది.

అందుకే పరీక్ష బరువు పెట్టి చేయాలి. బైక్ మెకానిక్ షాపులో దొరికే 12 వోల్టుల 10 వాట్ల ఇండికేటర్ బల్బు చాలు. అది 0.8 ఆంపియర్ పైచిలుకు లాగుతుంది. హోల్డర్‌కి రెండు వైర్లు, చివర్లకి క్రొకడైల్ క్లిప్పులు. పాయింట్ దాటాక రెండు పట్టాలకి క్లిప్పులు తగిలించి, బల్బు వెలుగుతుండగా అక్కడే వోల్టేజీ చూడండి. బల్బు తీసి మళ్లీ చూడండి. తేడా అర వోల్టు లోపు ఉంటే పాయింట్ బాగున్నట్టే. మూడు వోల్టులు పడిపోతే దారిలో ఎక్కడో మూడున్నర ఓమ్‌ల అడ్డు ఉంది. మామూలు మీటర్లు డీసీసీ తరంగాన్ని సరిగ్గా చదవలేకపోవచ్చు, కానీ ఇక్కడ మనకి కావాల్సింది అంకె కాదు, రెండు అంకెల తేడా.

ఆ అడ్డు ఎక్కడుందో కనిపెట్టడానికి బల్బు వెలుగుతుండగానే ఒక ముల్లు ఫీడర్ తగిలిన పట్టా మీద ఉంచి, రెండో ముల్లుతో అదే వైపు పట్టా వెంబడి ముందుకు జరగండి. ఫిష్‌ప్లేట్ (లోహపు జాయినర్) ముందు, తర్వాత. స్టాక్ రైలు, ఆనుకున్న టంగ్ రైలు. టంగ్ రైలు, దాని కీలు తర్వాతి పట్టా. అంకె ఎక్కడ ఒక్కసారిగా పెరుగుతుందో దొంగ అక్కడే ఉన్నాడు. మామూలుగా దొరికే చోట్లు మూడు: వదులైన ఫిష్‌ప్లేట్, టంగ్ రైలు కొన స్టాక్ రైలుకి ఆనే చోటు, టంగ్ రైలు కీలు.

టంగ్ కొన దగ్గర అయితే అక్కడ సాధారణంగా బ్యాలస్ట్ అతికించిన ఫెవికాల్ నీళ్లు ఎండి పొర కట్టి ఉంటాయి, లేకపోతే పట్టా పక్కలకి వేసిన తుప్పు రంగు. విజిటింగ్ కార్డుని 5 మి.మీ. వెడల్పు పట్టీగా కోసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, టంగ్‌కీ స్టాక్ రైలుకీ మధ్య పెట్టి, పాయింట్ మూసి, మెల్లగా లాగండి. నల్లటి చార వస్తుంది. చార రావడం ఆగేదాకా కొత్త పట్టీలతో లాగాలి. గరుకు కాగితం వాడకండి. అది వేసిన గీతల్లోనే మురికి మళ్లీ త్వరగా చేరుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఈ శుభ్రం చేసే పని ఎక్కువసార్లు పడుతుంది.

కానీ అసలు మాట ఇది: కదిలే చోటుని కరెంటు మోసే తీగగా వాడుకోవడమే పొరపాటు. ఆనుకోవడం వల్ల, జారుడు జాయినర్ వల్ల అందే కరెంటు ఈరోజు ఉంటుంది, రేపు ఉండదు. ప్రతి లోహపు ముక్కకీ దాని సొంత వైరు ఉంటే ఈ శుభ్రాలన్నీ ఐచ్ఛికం అయిపోతాయి. పాయింట్ ఇంకా బల్ల మీద ఉండగానే ఈ పని చేయడం సుఖం.

కోడ్ 75 (పట్టా ఎత్తు 0.075 అంగుళం ఉండే రకం) ఎలక్ట్రోఫ్రాగ్‌ని తిరగేసి చూడండి. ఫ్రాగ్‌కి కాస్త ముందు, ఫ్రాగ్‌నీ టంగ్ వైపు పట్టాలనీ కలిపే రెండు సన్న తీగ ముక్కలు కనిపిస్తాయి. వాటిని కోసి తీసేయండి. ఇప్పుడు ఫ్రాగ్ ఒంటరిది. స్లీపర్ల మధ్య ప్లాస్టిక్ తెరిచి ఉన్న చోట ఎడమ స్టాక్ రైలు నుంచి దాని పక్కనున్న లోపలి పట్టాకి, కుడి స్టాక్ రైలు నుంచి దాని పక్క పట్టాకి చిన్న వైరు ముక్కలు టంకం వేయండి. ఫ్రాగ్‌కి ఫ్యాక్టరీ వైరు ఉంటే అదే కిందికి దించండి, లేకపోతే ఒకటి టంకం వేయండి. 60/40 రోసిన్ కోర్ టంకం, 25 వాట్ల ఐరన్ చాలు. పక్క స్లీపర్ల మీద తడి దూది పెట్టండి, రెండు సెకన్లకి మించి ఐరన్ ఆనించకండి. యాసిడ్ ఫ్లక్స్ వద్దే వద్దు, పట్టాని లోపల్లోపల తినేస్తుంది. అయ్యాక మీటర్ పరీక్ష: ఫ్రాగ్ నుంచి ఏ టంగ్‌కీ బీప్ రాకూడదు, ప్రతి టంగ్ నుంచి దాని పక్క స్టాక్ రైలుకి బీప్ రావాలి, రెండు స్టాక్ రైళ్ల మధ్య రాకూడదు. ఇందాక చెప్పిన చక్రం వీపు షార్ట్ కూడా దీనితో పోతుంది, ఎందుకంటే తెరిచిన టంగ్, దాని పక్క పట్టా ఇప్పుడు ఒకే రంగు. ఫ్రాగ్ అవతల ఇన్సులేటెడ్ జాయినర్లు మాత్రం ఉండాల్సిందే.

కింద మెయిన్ వైరు 1.5 చదరపు మి.మీ. ఇంటి వైరింగ్ వైరు, అక్కడి నుంచి పట్టాకి 0.5 చదరపు మి.మీ. ఫీడర్, అడుగు పొడవు మించకుండా. వైరింగ్ సరిపోయిందా లేదా అని చూడడానికి డీసీసీలో ఒక మొరటు పరీక్ష ఉంది. ఐదు రూపాయల బిళ్ల పట్టాల మీద అడ్డంగా పెట్టండి. బూస్టర్ వెంటనే ట్రిప్ అవ్వాలి. అవ్వకుండా బిళ్ల వేడెక్కుతుంటే వైరు సన్నం, లేదా జాయింట్ చెడ్డది. నిజంగా బండి పట్టా తప్పినప్పుడు ఆ చోట మూడు నాలుగు ఆంపియర్లు అలాగే పారుతూ స్లీపర్లని కరిగిస్తాయి. ప్రతి పాయింట్ తర్వాత ఈ పరీక్ష చేయండి.

మోటారు దగ్గర

పీకో పీఎల్-10 లాంటి కాయిల్ మోటారు సగం జరిగి ఆగిపోతే అది కాయిల్ చెడడం వల్ల కాదు, చాలాసార్లు దానికి ఆకలి. కాయిల్ నిరోధం నాలుగైదు ఓమ్‌లే, ఆ క్షణంలో మూడు ఆంపియర్లు పైనే అడుగుతుంది. ఒక ఆంపియర్ ట్రాన్స్‌ఫార్మర్ అంత ఇవ్వలేదు. వైరు కూడా చూసుకోవాలి: 0.1 చదరపు మి.మీ. వైరు ఐదు మీటర్ల దూరం వెళ్లి రావడానికి 1.7 ఓమ్‌లు, అంటే కాయిల్‌కి అందాల్సిన దానిలో పాతిక శాతం పైనే దారిలో పోతుంది. 0.5 వైరు వేస్తే అదే దూరానికి 0.35 ఓమ్‌లు. ఇక బటన్ ఇరుక్కుపోతే కాయిల్‌లో నలభై, యాభై వాట్లు నిలబడతాయి, కొన్ని సెకన్లలో కాలిన వాసన.

రెండింటికీ మందు కెపాసిటర్ డిశ్చార్జ్ యూనిట్. పాత 19 వోల్టుల ల్యాప్‌టాప్ చార్జర్ ఉంటే మెయిన్స్ ముట్టుకోకుండానే కట్టుకోవచ్చు: ప్లస్ వైపు 100 ఓమ్, 10 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్, దాని తర్వాత 4700 మైక్రోఫారడ్, 35 వోల్టుల కెపాసిటర్, కెపాసిటర్‌కి అడ్డంగా ఉల్టాగా (గీత ప్లస్ వైపు) ఒక 1ఎన్4007 డయోడ్. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో, చెన్నై రిచీ స్ట్రీట్‌లో ఇవన్నీ ఒకే కౌంటర్‌లో దొరికే సరుకు. కెపాసిటర్ నిండడానికి రెండున్నర సెకన్లు పడుతుంది. నొక్కగానే దాదాపు 0.85 జౌల్ ఒక్క దెబ్బన కాయిల్‌లోకి పోతుంది. బటన్ ఇరుక్కున్నా రెసిస్టర్ వల్ల కాయిల్‌కి అందేది 0.2 ఆంపియర్ లోపే, కాలదు. క్రాసోవర్‌లో రెండు మోటార్లు ఒకే బటన్ మీద ఉంటే రెండో కెపాసిటర్ పక్కన చేర్చండి, నిండే సమయం కూడా రెట్టింపు అవుతుంది.

టార్టాయిస్ లాంటి నెమ్మది మోటార్లకి ఈ గొడవ లేదు, 12 వోల్టుల దగ్గర ఆగి నిలబడ్డా పదిహేను, పదహారు మిల్లీఆంపియర్లే. ఒకటి, ఎనిమిది పిన్నులు మోటారుకి. నాలుగో పిన్ను ఫ్రాగ్‌కి, రెండు, మూడు పిన్నులు రెండు పట్టాలకి. ఇంజన్ ఫ్రాగ్ మీద ట్రిప్ అయితే రెండు, మూడు మార్చండి. ఎస్‌జీ90 సర్వో వాడేవాళ్లు దానిలో ఫ్రాగ్ స్విచ్ ఉండదని మర్చిపోకండి, విడిగా మైక్రోస్విచ్ గానీ రిలే గానీ పెట్టాలి. సర్వో గురగురలాడుతూ వణికితే ముందు 5 వోల్టుల సప్లై అనుమానించండి, ఆర్డినో (సర్వోకి ఆజ్ఞలిచ్చే చిన్న కంప్యూటర్) బోర్డు నుంచే కరెంటు లాగుతుంటే ఆ అనుమానం నిజమే.

డబుల్ స్లిప్ (రెండు లైన్లు కోసుకుంటూ, ఒకదాని నుంచి ఇంకోదానికి మారే వీలు కూడా ఉన్న పాయింట్) ఉన్నవాళ్లకి ఒక హెచ్చరిక. అందులో రెండు ఫ్రాగ్‌లు, రెండు మోటార్లు. ఎడమ చివర ఫ్రాగ్‌కి ఎడమ మోటారు స్విచ్ కలపడం చేతికి సహజంగా వచ్చే పని, అదే తప్పు. ఒక చివర ఫ్రాగ్ రంగుని నిర్ణయించేది అవతలి చివర టంగ్ రైళ్లు. కాబట్టి ఎడమ ఫ్రాగ్ వైరు కుడి మోటారు స్విచ్‌కి, కుడి ఫ్రాగ్ వైరు ఎడమ మోటారు స్విచ్‌కి. ఇలా అడ్డంగా కలిపాక నాలుగు దారుల్లోనూ ఇంజన్‌ని నెమ్మదిగా నడపండి. నాలుగింట్లోనూ ఒకే ఫ్రాగ్ మీద ట్రిప్ అయితే ఆ స్విచ్‌కి వచ్చే ఎరుపు, నలుపు మార్చాలి. రెండు దారుల్లోనే అయితే ఆ ఫ్రాగ్ తప్పు మోటారుకి కలిసింది.